నౌకలు లేని నౌకాస్థావరము

సముద్రములకావల సేనను నిలుపుట ఒక పని. ఆపత్సమయమున ఆ సేనను ఆదుకొనుట వేరొక పని. మొదటిది చేసి, రెండవదానికి శక్తి చాలనినాడు ఏమగునో 1942లో సింగపూరు లోకమునకు తెలిపినది.

మొదటి ప్రపంచ యుద్ధానంతరము బ్రిటను ధనబలము, నౌకాబలము సన్నగిల్లినవి. ఐరోపాలోను, ప్రాచ్యమునను ఏకకాలమున రెండు మహానౌకాదళములను పోషించుట దానికి తలకు మించిన భారమయ్యెను. అందుచే సింగపూరున గొప్ప నౌకాస్థావరమును నిర్మించి 1938లో ప్రారంభించిరి. యుద్ధము వచ్చినచో స్వదేశమునుండి నౌకాదళము తరలివచ్చునని ధైర్యము చెప్పిరి. ఆ రాకకు 1937లో 70 దినములు చాలుననుకొనిరి. 1939లో ఐరోపా యుద్ధము మొదలుకాగా ఆ గడువు 180 దినములయ్యెను.

1941 డిసెంబరు 8న జపాను సేనలు మలయా తీరమున దిగినవి. 10వ తేదీన 'ప్రిన్స్ ఆఫ్ వేల్స్', 'రిపల్స్' అను యుద్ధనౌకలను జపాను విమానములు ముంచివేసినవి. వానివెంట విమానవాహక నౌక లేదు. శత్రువు ట్యాంకులతో రాగా, మలయా సేనకు యుద్ధారంభమున ట్యాంకులే లేవు.

1942 ఫిబ్రవరి 15న జనరల్ పెర్సివల్ లొంగిపోయెను. బందీలైనవారిలో భారతీయ సైనికులే 40,000కు మించిరి. వారిలో కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరిరి. చేరనివారిలో అనేకులు న్యూగినీ నిర్బంధ శిబిరములలో ఆకలికి, వ్యాధులకు బలియైరి.

దళములను పంపు ఆజ్ఞకు ఒక సంతకము చాలును. వెనుకనున్న బలము తరిగినపుడు ఆ సంతకపు వెలను దూరతీరమున నిలిచిన సిపాయియే చెల్లించును.