రెండు తీగలు, ఒకే స్వరం

స్టోక్స్ క్రాఫ్ట్‌లో సన్నగా వాన. గోడల మీది రంగుల బొమ్మలు తడిసి మెరుస్తున్నాయి. పాత వాద్యాలు అమ్మే దుకాణం తలుపు తోసుకుని లోపలికొచ్చాం. కోట్ల నుంచి కారే నీళ్లకు చెక్కనేల మీద మరకలు పడుతున్నాయి. నా పక్కనున్న కుర్రాడిది విజయనగరం. ఇక్కడ బ్రిస్టల్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. సాయంత్రాలు ఒక హోటల్ వంటగదిలో గిన్నెలు కడిగి కూడబెట్టిన డబ్బు జేబులో ఉంది. డ్రమ్ అండ్ బేస్ పాటలు కట్టాలన్నది వాడి పంతం.

"అన్నా, ఇదే," అంటాడు.

కోర్గ్ మినీలాగ్ సింథసైజర్. ముప్పై ఏడు సన్నపాటి మెట్లు, నాలుగు స్వరాలు కలిసి పలికే అమరిక, పైన అగ్గిపెట్టెంత తెర. మెట్టు నొక్కగానే ఆ తెర మీద శబ్దం గీతలా వణుకుతుంది. మర తిప్పితే గీత కోసుకుపోతుంది, మరికాస్త తిప్పితే గుండ్రబడుతుంది. వాడి కళ్లు అక్కడే అతుక్కుపోయాయి. నాకూ ముచ్చటగానే ఉంది. కింది మెట్టు నొక్కి పట్టుకోమంటాను. దుకాణం స్పీకర్లు అరచేతంత ఉన్నాయి. గుర్రుమని పైపై చప్పుడు వస్తోంది తప్ప ఛాతీకి ఏమీ తగలడం లేదు.

"దీని అడుగు వినిపిస్తోందా నీకు?"

వాడు తల అడ్డంగా ఊపుతాడు.

పక్క బల్ల మీద నోవేషన్ బేస్ స్టేషన్ 2 ఉంది. మామూలుగా ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. శబ్దం పుట్టించే ఆసిలేటర్లు రెండు, వాటి కింద ఇంకో సబ్ ఆసిలేటర్. బేస్ కోసమే పుట్టిన పెట్టె. ఫిల్టర్ మర మీద వాడి వేళ్లు పెట్టి నెమ్మదిగా తిప్పిస్తాను. గొంతు మూసుకుంటుంది, మళ్లీ తెరుచుకుంటుంది. చేతికి దొరికే మరలో ఉన్న సుఖం వేరు, కాదనను.

"ఇవాళ మాత్రం కొనకు. నా గదికొచ్చి నాలుగు గంటలు కూర్చో. అప్పటికీ కావాలనిపిస్తే రేపు నేనే తీసుకొస్తాను."

మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ వచ్చాడు.

సెయింట్ పాల్స్ మీదుగా నడుస్తున్నాం. కరీబియన్ దీవుల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఈ పేటలో సౌండ్ సిస్టమ్‌లు నిలబెట్టాయి. బేస్‌ను ఒంటితో వినడం ఈ ఊరికి వాళ్లే నేర్పారు. 1997లో మెర్క్యురీ బహుమతి గెలిచిన రోనీ సైజ్, రెప్రజెంట్ బృందం ఈ ఊరివాళ్లే. వాడికి ఇదంతా తెలుసు. నాకంటే బాగానే తెలుసు.

గదిలో హీటర్ పక్కన తడి కోట్లు వేలాడదీసి, ల్యాప్‌టాప్ తెరిచాను. వైటల్ అనే సాఫ్ట్‌వేర్ సింథ్ ఎక్కించి ఉంది. దీని ప్రాథమిక రూపానికి పైసా కట్టక్కర్లేదు. సర్జ్ ఎక్స్‌టీ కూడా అంతే. సీరమ్ కొనాలి. చాలామంది సంగీత నిర్మాతలు దాన్నే వాడతారు కాబట్టి పాఠాలు దండిగా దొరుకుతాయి. మూడింటిలో వైటల్ ఎందుకంటే, ఏ మర దేన్ని కదిలిస్తోందో కళ్లముందు కదులుతూ కనిపిస్తుంది. కొత్తవాడికి అది కావాలి. ముందే తయారుచేసి పెట్టిన వందల శబ్దాల జాబితా వైపు వాడి చెయ్యి పోతుంటే ఆపాను.

"ఖాళీది తెరువు. మొదటి ఆసిలేటర్‌లో రంపపుపళ్ల తరంగం పెట్టు. రెండో దాంట్లోనూ అదే."

55 హెర్ట్జ్ స్వరం నొక్కాడు. హెడ్‌ఫోన్లలో తిన్నగా, బల్లపరుపుగా ఒక మోత.

"ఇప్పుడు రెండోదాన్ని ఇరవై సెంట్లు పైకి జరుపు." సెంటంటే అరస్వరంలో నూరో వంతు.

జరిపాడు. మోత ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది. సుమారు ఒకటిన్నర సెకనుకోసారి అడుగు ఉబ్బుతుంది, తగ్గుతుంది. ఆ పైన ఉన్న అంతరస్వరాలు ఒక్కోటీ అంతకంటే వేగంగా కొట్టుకుంటాయి. పదోది పదిరెట్లు వేగంగా, అంటే సెకనుకు ఆరుసార్లకు పైగా. అన్నీ కలిసి సుడి తిరుగుతున్నాయి. వాడు హెడ్‌ఫోన్లు రెండు చేతులతో చెవులకు అదుముకుని కళ్లు మూసుకున్నాడు.

"అన్నా, ఇది తంబురా."

ఈ మాట నేను ఊహించలేదు. వాళ్ల మేనత్త విజయనగరంలో పాటకు కూర్చునే ముందు తంబురా శ్రుతి చేసేదట. మధ్య రెండు తీగలదీ ఒకే షడ్జమం. వాటి మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నప్పుడు ఇలాగే గాలి సుడి తిరిగేదట. ఆవిడ ఆ తేడాను చెరిపేసేది. మనం దాన్ని కావాలని నిలుపుకుంటున్నాం.

ఈ శబ్దానికి రీస్ అని పేరు. డెట్రాయిట్‌లో కెవిన్ సాండర్సన్ రీస్ అన్న పేరుతో 1988లో విడుదల చేసిన 'జస్ట్ వాంట్ అనదర్ ఛాన్స్' నుంచి వచ్చింది. ఆయన వాడింది కాసియో సీజెడ్-5000. డ్రమ్ అండ్ బేస్‌కు ముందు రూపమైన జంగిల్ కట్టిన లండన్ కుర్రాళ్లు ఆ కాసియో కొనుక్కుని దీన్ని చెయ్యలేదు. రికార్డులోంచి ముక్క కోసి శాంప్లర్‌లో పెట్టుకున్నారు. 1994లో రే కీత్ రెనిగేడ్ పేరుతో చేసిన 'టెర్రరిస్ట్'లో మోగేది ఈ రీసే. ఏ పెట్టె కొనాలన్న బెంగ వాడిని తినేస్తోంది కాబట్టి ఈ కథ చెప్పాను. వాడు వింటున్నాడో లేదో తెలీదు, సెంట్లు జరిపే ఆ డిట్యూన్ మర వదలడం లేదు.

"కింద బురదగా లేదూ?" అంటాను. ఉంది. రీస్‌లో 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయించాను. ఆ ఖాళీలోకి వేరే ట్రాక్ మీద ఒక్క సైన్ తరంగం, అదే 55. రెండు చెవులకూ సమానంగా, ఏ అలంకారమూ లేకుండా. సుడి పైన, నేల కింద. హెడ్‌ఫోన్ల తీగ ఊడదీసి ల్యాప్‌టాప్ స్పీకర్లోనే వినిపించాను. రీస్ గీపెడుతోంది. నేల మాయం. మళ్లీ తీగ గుచ్చాను. నేల తిరిగొచ్చింది.

వాడు జేబు తడుముకున్నాడు. "అయితే డబ్బు దీనికి పెట్టాలి," అని హెడ్‌ఫోన్ల మీద వేలితో తట్టాడు.

ఇక డోలు. దానికి సింథ్ అక్కర్లేదు. 1969లో ది విన్‌స్టన్స్ విడుదల చేసిన 'ఆమెన్, బ్రదర్' మధ్యలో గ్రెగరీ కోల్‌మన్ ఒంటరిగా వాయించిన నాలుగు ఆవర్తాలు ఉన్నాయి. ఈ సంగీతంలో ఎంత భాగం దాని మీద నడిచిందో లెక్క తేలదు. నిమిషానికి 174 దెబ్బల వేగానికి పెట్టి, దాని కింద వాడి బేస్ వదిలాను. ఆవర్తానికి ఒకటిన్నర సెకను కూడా పట్టదు. పైన డోలు పరుగెడుతుంటే కింద బేస్ తీరిగ్గా ఊపిరి తీస్తోంది. వాడి మోకాలు డోలుతో పోలేదు, బేస్‌తో ఊగుతోంది. చెవి సరిగ్గానే ఉంది.

ఫిల్టర్‌ను నెమ్మదిగా మూసి తెరిచే ఎల్ఎఫ్ఓ తగిలించడం ఒక్కసారే చూపించాను. తర్వాత గంటన్నర నేను ఏమీ ముట్టుకోలేదు. టీ పెట్టి ఇచ్చాను, చల్లారిపోయింది. కిటికీ అవతల వాన ఆగింది.

"ఇప్పుడు ఇదంతా మూసేయ్," అన్నాను. "ఖాళీది తెరిచి మళ్లీ మొదట్నుంచి చెయ్యి. నేను నోరు విప్పను."

ఒక్క క్షణం బాధగా చూశాడు. మూసేశాడు. రంపపుపళ్ల తరంగం, ఇంకొకటి, కింద సైన్. డిట్యూన్ మర దగ్గరికొచ్చేసరికి ఇరవై దగ్గర ఆగలేదు. ముందుకు పోయి, వెనక్కొచ్చి, చెవి వాల్చి, పదమూడు దగ్గర చెయ్యి తీశాడు.