ఛాయాపటముల కొలతలు

దక్షిణదేశమున తెలుగువారు పాదుకొన్న కథను వ్రాయువారు శాసనములను, కైఫీయతులను వెదకుదురు. ఛాయాపటములను వెదకువారు తక్కువ. మన పళని 1985 వరకు మధుర జిల్లాలోనిదే. ఆ మధురను తెలుగు నాయకరాజులు 1529 ప్రాంతము మొదలుకొని రెండు శతాబ్దములకు పైగా ఏలిరి. వారి మేడ శిథిలావస్థలో నెట్లుండెనో ఉన్నదున్నట్లు మనకు చూపినది మాత్రము మద్రాసు సైన్యమునకు చెందిన ఒక ఆంగ్ల కెప్టెను.

ఆయన పేరు లినేయస్ ట్రైపు. 1856లో మద్రాసు ప్రభుత్వమువారు ఆయనను ఛాయాగ్రాహకునిగా నియమించిరి. 1858లో శ్రీరంగము, తిరుచినాపల్లి, తంజావూరు, పుదుక్కోట, మధుర తిరిగి పటములు తీసెను. మధుర పటములు నాలుగు భాగములుగా వెలువడినవి. వానిలో తిరుమలనాయకుని (1623–1659) మేడ గలదు. నేపియరు ప్రభువు గవర్నరుగా నుండి (1866–1872) బాగుచేయించుటకు మునుపటి మేడ అది.

నాడు చిన్న పటమును పెద్దది చేయుట సులభసాధ్యము గాదు. మైనము పట్టించిన కాగితపు నెగెటివును ముద్రణ కాగితమునకు ఆనించి ఎండలో నుంచవలెను. నెగెటివు ఎంతయో పటమును అంతయే. సుమారు 10 అంగుళముల వెడల్పు, 14 అంగుళముల నిడివి గల పటము కావలెనన్న అంత నెగెటివును, దానికి తగిన కెమెరాయు, ఆ సరంజామా మోయుటకు ఎడ్లబండ్లును కావలసినవి. తంజావూరు బృహదీశ్వరాలయపు అధిష్ఠానము మీది శాసనములకు ఆ కొలతయు చాలలేదు. 21 పటములను వరుసగా అతికి సుమారు 19 అడుగుల చుట్ట చేసెను. అక్షరము చదువ వీలుపడవలెననుటయే ఆయన కొలబద్ద యని నా తలంపు. 1859లో గవర్నరై వచ్చిన ట్రెవెలియను దొరకు ఇది విలాసపు ఖర్చుగా తోచెను. ఆ పని అంతటితో ఆగిపోయినది. ఖజానా లెక్కలు చూచువారికి ఆయన మాట వింతగా తోచదు గాని, నష్టము నష్టమే.

పిమ్మట కొలతలను అంగడి నిర్ణయించినది. 1854లో పారిస్ నగరమున దిస్‌దేరీ యనువాడు ఒకే ప్లేటు మీద పలు చిన్న పటములు తీయు పద్ధతికి పేటెంటు పొందగా, విజిటింగు కార్డంత పటము సామాన్యులకును అందెను. ఫుల్‌ప్లేటు అనగా ఆరున్నర, ఎనిమిదిన్నర అంగుళములు. క్వార్టరు ప్లేటు మూడుంబావు, నాలుగుంబావు. 1925లో లైకా కెమెరా బజారుకు వచ్చిన తరువాత అంగుళమున్నర నిడివి గల ఫిల్ముముక్క నుండియే గోడపటము చేయు అలవాటు బలపడెను. పరిమాణమును నిర్ణయించు అధికారము కెమెరా నుండి చీకటిగదికి మారెను. నేడది తెర మీదికి వచ్చినది.

ఇచ్చటనే మనవారు జాగ్రత్తపడవలసియున్నది. వరుసకు ఇరువదిమంది నిలిచిన ఫుల్‌ప్లేటు గ్రూపు ఫొటోను అంగుళమునకు 300 చుక్కల చొప్పున స్కాను చేసినచో, నిడివిని 2550 చుక్కలు వచ్చును, మనిషికి 127. దానినే అంతర్జాల చిత్రశాలలో అందముగా ఇముడునని 500 చుక్కలకు కుదించినచో మనిషికి దక్కునవి 25 మాత్రమే. ముఖమునకు అందులో సగమైనను రాదు. తాతగారెవరో, ప్రక్కవారెవరో చెప్పువారుండరు. వెడల్పు నొక్కదానినే కట్టడి చేయుటయు తగదు. అడ్డపటము సరిపోయినను నిలువుపటము తెర దాటిపోవును. పొడవైన వైపునకే హద్దు పెట్టవలెను. చిన్న పటమును బలవంతముగా సాగదీసిన మసకయే పెరుగును గాని లేని వివరము పుట్టదు.

కచేరీలలో అసలు కాగితము రికార్డుగదిలో నుండును, బల్ల మీదికి నకలు వచ్చును. పటములకును అదియే మార్గము: చూపుటకు చిన్నది, నొక్కినచో తెరచుకొనుటకు పెద్దది, భద్రపరచుటకు కుదింపని అసలు. చోటు ఎక్కువ పట్టుననుట నేటి ధరలలో పెద్ద అభ్యంతరము గాదు.

మరియొకటి. పాత గ్రూపు ఫొటోల క్రింది అట్ట మీద నిలిచినవారి పేర్లు, కూర్చున్నవారి పేర్లు, తేదీ సన్నని అక్షరములతో నుండును. అన్ని పటములును ఒకే చదరములో నొదుగవలెనని అంచులు కత్తిరించినపుడు మొదట పోవునవి ఆ పేర్లే.