హార్మోను సమస్యలలో కీటోజెనిక్ ఆహారం

కీటోజెనిక్ ఆహారం అనగా పిండి పదార్థాలను బాగా తగ్గించి, క్రొవ్వు పదార్థాలను ఎక్కువగాను, మాంసకృత్తులను మితంగాను తీసుకొనే ఆహార విధానం. వాడుకలో దీనిని కీటో డైట్ అంటారు. మూర్ఛ వ్యాధికి చికిత్సగా మొదలైన ఈ విధానాన్ని ప్రస్తుతం బరువు తగ్గదలచినవారు, మధుమేహం, పి.సి.ఓ.ఎస్., థైరాయిడ్ వంటి హార్మోను సమస్యలు ఉన్నవారు కూడా అనుసరిస్తున్నారు. ఈ ఆహారం శరీరంలో ఇన్సులిన్ స్థాయిని తగ్గిస్తుంది. దానితోపాటు అప్పటికే వాడుతున్న కొన్ని మందుల అవసరం కూడా కొద్ది రోజులలోనే మారిపోతుంది. అందువలన హార్మోను సమస్యలు ఉన్నవారు ఆహారం మార్చుటకు ముందే మందుల మోతాదు గురించి వైద్యుని సంప్రదించవలెను.

చరిత్ర

ఉపవాసం వలన మూర్ఛలు తగ్గుతాయని ప్రాచీన కాలం నుండి ప్రజలు గమనించారు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన రస్సెల్ వైల్డర్ అనే వైద్యుడు, ఉపవాసం వలన కలిగే మార్పును ప్రత్యేక ఆహారం ద్వారా కూడా కలిగించవచ్చునని సూచించి, దానికి కీటోజెనిక్ ఆహారం అని పేరు పెట్టాడు. 1938లో ఫెనిటోయిన్ అనే మందు వాడుకలోకి వచ్చిన తరువాత ఈ ఆహారానికి ఆదరణ తగ్గింది. 1990వ దశకంలో దీనిపై మరల ఆసక్తి పెరిగింది. మందులకు లొంగని మూర్ఛ ఉన్న 145 మంది పిల్లలతో ఇంగ్లండులో జరిపిన అధ్యయనం ఫలితాలు 2008లో వెలువడ్డాయి. ఈ ఆహారం తీసుకున్న పిల్లలలో మూర్ఛలు గణనీయంగా తగ్గినట్లు అందులో తేలింది.

తెలుగు రాష్ట్రాలలో 2017 ప్రాంతం నుండి వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన ఆహార విధానం వలన ఈ విషయం సామాన్య ప్రజలకు కూడా పరిచయమైంది. పిండి పదార్థాలను దాదాపు పూర్తిగా మాని, కొబ్బరినూనె వంటి క్రొవ్వులు, నిమ్మరసం, ఎక్కువ నీరు తీసుకోవడం అందులోని ముఖ్యాంశాలు.

పనిచేయు విధానం

సాధారణంగా శరీరానికి ముఖ్యమైన ఇంధనం గ్లూకోజు. పిండి పదార్థాలను రోజుకు 20 నుండి 50 గ్రాములకు పరిమితం చేసినపుడు కాలేయంలోని గ్లైకోజన్ నిల్వలు తరిగిపోతాయి, ఇన్సులిన్ స్థాయి తగ్గుతుంది. అప్పుడు కాలేయం క్రొవ్వు ఆమ్లాల నుండి కీటోనులను తయారు చేస్తుంది. మెదడు, గుండె, కండరాలు వీటిని ఇంధనంగా వాడుకుంటాయి. ఈ స్థితిని కీటోసిస్ అంటారు.

కీటోసిస్ వేరు, కీటోఅసిడోసిస్ వేరు. కీటోసిస్‌లో రక్తంలోని కీటోనులు సాధారణంగా లీటరుకు 0.5 నుండి 3 మిల్లీమోల్‌ల మధ్య ఉంటాయి. ఇన్సులిన్ తీవ్రంగా కొరవడినపుడు కీటోనులు అదుపు తప్పి పెరిగి రక్తాన్ని ఆమ్లయుతం చేస్తాయి. అదే కీటోఅసిడోసిస్. ఇది ప్రాణాపాయ స్థితి.

వివిధ హార్మోను సమస్యలు

పి.సి.ఓ.ఎస్.: దీనిని 1935లో షికాగో వైద్యులు స్టీన్, లెవెంథాల్ వర్ణించారు. ఋతుక్రమం తప్పడం, ముఖంపై వెంట్రుకలు, మొటిమలు, అండాశయాలలో అనేక చిన్న తిత్తులు కనిపించడం దీని లక్షణాలు. ఇది ఉన్న స్త్రీలలో అధికులకు శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించదు. అధిక ఇన్సులిన్ వలన అండాశయాలలో పురుష హార్మోనుల ఉత్పత్తి పెరుగుతుంది. అందువలన ఇన్సులిన్‌ను తగ్గించే ఆహారం మేలు చేయగలదని భావిస్తారు. 2005లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనంలో 11 మంది స్త్రీలు చేరగా, 24 వారాలు పూర్తి చేసినవారు 5 మంది మాత్రమే. వారి బరువు, ఇన్సులిన్, పురుష హార్మోను స్థాయిలు తగ్గాయి. అంతకుముందు సంతానం కలగని ఇద్దరు గర్భం దాల్చారు. ఈ చివరి విషయం రెండు విధాల గమనింపదగినది. సంతానం కోరేవారికి ఇది శుభవార్త. ఋతుక్రమం లేదు కనుక గర్భం రాదని భావించేవారికి ఇది హెచ్చరిక. 2023లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం పి.సి.ఓ.ఎస్.కు ఏ ఒక్క ఆహార విధానమూ మిగిలినవాటి కంటే మేలైనదని నిరూపితం కాలేదు.

థైరాయిడ్: పిండి పదార్థాలను తగ్గించినపుడు రక్తంలో టి3 హార్మోను కొంత తగ్గుతుంది. ఇది శరీరం చేసుకొనే సర్దుబాటు కావచ్చును. పరీక్షలో కనిపించిన ప్రతి తగ్గుదలా వ్యాధి కాదు. హైపోథైరాయిడిజం ఉన్నవారికి ఈ ఆహారం లీవోథైరాక్సిన్ మాత్రకు ప్రత్యామ్నాయం కాదు. ఆ మాత్రను పరగడుపున వేసుకోవాలి. ఇనుము, కాల్షియం ఉన్న మాత్రలు దాని శోషణను అడ్డగిస్తాయి. కీటోజెనిక్ ఆహారంతోపాటు విటమిను, ఖనిజ లవణాల మాత్రలు మొదలుపెట్టినవారు రెండింటి మధ్య నాలుగు గంటల వ్యవధి ఉంచవలెను.

మధుమేహం: రెండవ రకం మధుమేహంలో ఈ ఆహారం రక్తంలోని చక్కెరను త్వరగా తగ్గిస్తుంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మందులను పాత మోతాదులోనే కొనసాగిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును. అంతకంటే అపాయకరమైనది డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ తరగతి మందులతో ఈ ఆహారాన్ని కలపడం. వీటితో చక్కెర దాదాపు సాధారణంగా కనిపిస్తూనే కీటోఅసిడోసిస్ రావచ్చును. ఈ తరగతి మందుల వలన కీటోఅసిడోసిస్ రావచ్చునని 2015లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత కనిపించినపుడు గ్లూకోమీటరు అంకెను చూసి నిశ్చింతగా ఉండరాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళి వాడుతున్న మందు పేరు చెప్పాలి. మొదటి రకం మధుమేహం ఉన్నవారు ఇన్సులిన్ మానరాదు.

అధివృక్క గ్రంథుల లోపం: ఇన్సులిన్ తగ్గినపుడు మూత్రపిండాలు ఉప్పును, నీటిని ఎక్కువగా విసర్జిస్తాయి. ఎడిసన్ వ్యాధి ఉన్నవారి శరీరం అప్పటికే ఉప్పును నిలుపుకోలేదు. కనుక వీరికి ఈ ఆహారం హాని కలిగించవచ్చును.

ప్రారంభించుటకు ముందు

* వాడుతున్న మందులన్నిటి పట్టికను వైద్యునికి చూపాలి. రక్తపోటు మాత్రలను కూడా అందులో చేర్చాలి.
* రక్తంలో చక్కెర, మూడు నెలల సగటు చక్కెర, కొలెస్టెరాల్, థైరాయిడ్, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించుకోవాలి. ముందరి అంకెలు లేనిదే తరువాతి మార్పు తెలియదు.
* గర్భవతులు, పాలిచ్చే తల్లులు, క్లోమ శోథ, కాలేయ వైఫల్యం, తీవ్రమైన మూత్రపిండ వ్యాధి, పోర్ఫిరియా, క్రొవ్వును వినియోగించుకోలేని జన్యు లోపాలు, ఆహారపు అలవాట్లకు సంబంధించిన మానసిక వ్యాధులు ఉన్నవారు స్వయంగా మొదలుపెట్టరాదు.

మొదటి వారాలు

తొలి రోజులలో తలనొప్పి, నీరసం, కండరాల పట్టు, మలబద్ధకం కలుగుతాయి. వీటికి ముఖ్య కారణం నీరు, లవణాలు తగ్గడం. తగినంత నీరు, ఉప్పు తీసుకుంటే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. రక్తపోటు, గుండె, మూత్రపిండాల వ్యాధులు ఉన్నవారు మాత్రం ఉప్పు విషయంలో వైద్యుని సలహా పాటించాలి. మొదట తగ్గే బరువులో అధిక భాగం నీరే.

తెలుగువారి భోజనంలో అమలు

100 గ్రాముల అన్నంలో సుమారు 28 గ్రాముల పిండి పదార్థాలు ఉంటాయి. అనగా ఒక చిన్న గిన్నెడు అన్నంతోనే రోజువారీ పరిమితి చాలావరకు పూర్తి అవుతుంది. ఇడ్లీ, దోసె, చపాతీ, దుంపలు, అరటిపండు, బెల్లం వంటివి మానవలసి ఉంటుంది. కందిపప్పులో కూడా పిండి పదార్థాలు అధికం. గుడ్లు, చేపలు, మాంసం, పనీరు, నెయ్యి, కొబ్బరి, వేరుశనగ పప్పు, తోటకూర, పాలకూర, గోంగూర, బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, దోసకాయ తగిన పరిమాణంలో తీసుకోవచ్చును. శాకాహారులకు మాంసకృత్తులు సమకూర్చుకోవడం కష్టం.

ఇంతటి మార్పు చేయలేనివారికి మధ్యేమార్గం ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు ధాన్యాల నుండి లభించే శక్తిని 45 శాతానికి పరిమితం చేసి, కూరగాయలు, పప్పులు పెంచుకొమ్మని సూచించాయి. ఇది కీటోజెనిక్ ఆహారం కాదు, కాని చాలామంది అనుసరింపగలిగినది.

పరిమితులు

కొందరిలో చెడు కొలెస్టెరాల్ బాగా పెరుగుతుంది. మూత్రపిండాలలో రాళ్ళు ఏర్పడే అవకాశం ఉంది. హార్మోను సమస్యలపై జరిగిన అధ్యయనాలు చాలావరకు చిన్నవి, కొద్ది నెలల పాటు జరిగినవి. ఆహారం మానివేసి పాత అలవాట్లకు మరలినపుడు బరువు తిరిగి పెరగవచ్చును. మోతాదు తగ్గించిన మందుల అవసరం కూడా మరల పెరగవచ్చును. కావున ప్రారంభించినపుడు వలెనే, మానునపుడు కూడా వైద్యుని సంప్రదించవలెను.

ఇవి కూడా చూడండి

* ఇన్సులిన్
* మధుమేహం
* థైరాయిడ్ గ్రంథి
* మూర్ఛ వ్యాధి