వెల్లింగ్టన్ రాజకీయ జీవితం: వెనుకంజ వేయడంలోని నేర్పు

సైన్యం నుంచి రాజకీయాలకు వచ్చినవారి ప్రస్తావనలో వెల్లింగ్టన్ డ్యూక్ ఆర్థర్ వెల్లెస్లీ (1769–1852) పేరు తప్పక వస్తుంది. వాటర్లూ విజేత మంత్రిమండలిని కూడా దండులాగే నడపబోయి ప్రధానిగా విఫలమయ్యాడన్నది సాధారణాభిప్రాయం. ఈ అభిప్రాయాన్ని పునఃపరిశీలించవలసి ఉంది. అతడు ఐర్లండ్ పార్లమెంటులో ట్రిమ్ స్థానానికి సభ్యుడైనది 1790లో. యుద్ధరంగాన్ని తొలిసారి చూసినది 1794లో, ఫ్లాండర్స్‌లో. అంటే సభాప్రవేశమే ముందు, సమరం తరువాత.

భారతదేశంలో అతని ఎదుగుదల కూడా కేవలం కత్తి సంపాదించినది కాదు. 1799 నాటి నాల్గవ మైసూరు యుద్ధంలో హైదరాబాదు నిజాం సేనకు అతని 33వ రెజిమెంటును జతచేశారు. సుల్తాన్‌పేట తోపుపై అతడు రాత్రివేళ జరిపిన దాడి చీకటిలో చెదిరిపోయింది. శ్రీరంగపట్నం కోటపై తుది దాడిని నడిపినవాడు డేవిడ్ బెయిర్డ్. పట్టణాధికారం దక్కినది మాత్రం వెల్లెస్లీకి. నాటి గవర్నర్ జనరల్ రిచర్డ్ వెల్లెస్లీ అతని అన్న. బెయిర్డ్ ఆక్రోశం అకారణమని అనలేము. నిజాం 1800లో కడప, బళ్లారి ప్రాంతాలను కంపెనీకి వదులుకొన్న ఒప్పందం కూడా ఆ అన్న హయాంలోనిదే కనుక, దత్తమండలాల చరిత్ర చదివినవారికి ఈ కుటుంబం కొత్తది కాదు.

ధూంధియా వాఘ్‌ను తరిమిన 1800 నాటి దండయాత్రలో వెల్లెస్లీ ఉత్తరాల నిండా ఎద్దులు, బియ్యం, నదులు దాటే ఏర్పాట్లే. అతని విజయరహస్యం సాహసంలో కంటే సరఫరాలో ఉంది. నిలువలేని చోట నిలువకపోవడం రెండవ పాఠం. 1810లో పోర్చుగల్‌లో ఫ్రెంచి సేనల ముందు వెనుదిరిగి, లిస్బన్‌కు ఉత్తరాన తాను ముందే కట్టించిన టోరెస్ వెద్రాస్ రక్షణ శ్రేణుల వెనుక నిలిచాడు.

1828 జనవరిలో ప్రధాని అయిన తరువాత ఈ రెండవ పాఠమే అక్కరకు వచ్చింది. ఆ ఏడాది క్లేర్ ఉపఎన్నికలో డేనియల్ ఓ'కానెల్ గెలిచాడు. కాథలిక్కు కనుక సభలో కూర్చునే వీలు అతనికి లేదు. ఐర్లండ్ అంతర్యుద్ధపు అంచున ఉందని వెల్లింగ్టన్ గ్రహించాడు. తాను ఇంతకాలం వ్యతిరేకించిన కాథలిక్కు విమోచన చట్టాన్ని తానే తెచ్చి, పీల్‌ను, అయిష్టుడైన రాజు నాలుగవ జార్జిని ఒప్పించి, 1829 ఏప్రిల్‌లో ఆమోదింపజేశాడు. తన ఉద్దేశాలను శంకించిన లార్డ్ వించిల్సీతో ప్రధాని హోదాలోనే ద్వంద్వయుద్ధానికి దిగాడు. ఎవరికీ గాయం కాలేదు. కానీ ఈ ఔదార్యానికి మరో ముఖం ఉంది. ఐర్లండ్ కౌంటీలలో ఓటు హక్కుకు కావలసిన ఆస్తి అర్హతను అదే సమయంలో 40 షిల్లింగుల నుంచి 10 పౌండ్లకు పెంచారు. ఓ'కానెల్‌ను గెలిపించిన చిన్నరైతుల ఓట్లే అలా పోయాయి. వెనుకంజ వేస్తూ వంతెన కూల్చడమంటే ఇదే.

మరి 1830 నవంబరు 2న ప్రభువుల సభలో ఆ వివేకం ఏమైంది? ఉన్న ప్రాతినిధ్య విధానానికి సంస్కరణ అవసరమే లేదని అతడు ప్రకటించాడు. రెండు వారాలలో ప్రభుత్వం పడిపోయింది. ఇది సైనికుని మొండితనమనడం తేలిక. నా దృష్టిలో కారణం వేరు: ఐర్లండ్ అతని పుట్టినగడ్డ, అక్కడ ముఖ్య కార్యదర్శిగా పనిచేశాడు కూడా, మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ వంటి ప్రాతినిధ్యంలేని పట్టణాల స్థితి అతనికి అంతగా పరిచితం కాదు. నేల తెలియని చోట అతడు పొరబడ్డాడు. 1831 ఏప్రిల్‌లో సంస్కరణవాదుల గుంపు అతని ఆప్స్లీ హౌస్ అద్దాలు పగులగొట్టినప్పుడు, కొద్ది రోజుల క్రితమే మరణించిన భార్య భౌతికకాయం ఇంకా ఆ ఇంట్లోనే ఉంది.

అయినా 1832లో తుది ఘట్టాన తన వర్గీయులతో కలిసి ఓటింగుకు దూరంగా ఉండి, సంస్కరణ బిల్లుకు దారి వదిలాడు. 1846లో ధాన్య చట్టాల రద్దు తనకు నచ్చకపోయినా, పీల్ ప్రభుత్వం నిలవాలని ప్రభువుల సభలో దానిని గట్టెక్కించినవాడూ అతడే.