వారాంతపు ఆటగాడి సరంజామా: ఐస్ హాకీ పరికరాల నూట యాభై ఏళ్ల నడక

1875 మార్చి 3 సాయంత్రం మాంట్రియల్‌లోని విక్టోరియా స్కేటింగ్ రింక్‌లో జట్టుకు తొమ్మిదేసి మంది చొప్పున మంచు మీదికి దిగారు. నాలుగు గోడల మధ్య, ముందే ప్రకటించి, నియమాలతో ఆడిన తొలి ఐస్ హాకీ పోటీగా చరిత్రకారులు దాన్నే లెక్కిస్తారు. పోటీ ఏర్పాటు చేసిన జేమ్స్ క్రైటన్ నోవాస్కోషియా నుంచి వచ్చిన యువకుడు. బంతి అయితే ఎగిరి జనానికి తగులుతుందని, దానికి బదులు చదునైన చెక్క బిళ్లతో ఆడించాడు. అంటే ఈ ఆటలో రక్షణ ఆలోచన మొదట ప్రేక్షకుల కోసం పుట్టింది. ఆటగాళ్ల ఒంటిమీదికి అది రావడానికి చాలా కాలం పట్టింది.

ఈనాడు టొరంటోలోనో, ఎడ్మంటన్‌లోనో, డల్లాస్ పక్కన ఫ్రిస్కోలోనో ముప్పై, నలభై ఏళ్లు దాటాక సరదాగా ఆట నేర్చుకుంటున్నవాళ్లు వేలమంది ఉన్నారు. ఆ ఊళ్లలో మన తెలుగు కుటుంబాలూ తక్కువేం కాదు. అలాంటి పెద్దలు దుకాణానికి వెళితే ఒకే వస్తువు అయిదారు ధరల్లో కనిపిస్తుంది. ఏది అవసరం, ఏది ఆర్భాటం అన్నది ధరల చీటీ చూస్తే తెలియదు. ఆ వస్తువు ఎందుకు పుట్టిందో తెలిస్తే చాలావరకు తెలుస్తుంది. ఐస్ హాకీ సరంజామా రెండు దారుల్లో పెరిగింది. గాయపడినవాళ్ల వల్ల వచ్చినవి కొన్ని, వేగం కోసం జీతం తీసుకునే ఆటగాళ్ల వల్ల వచ్చినవి కొన్ని. మర్నాడు ఉద్యోగానికి వెళ్లాల్సిన మనిషికి మొదటి రకం మొత్తం కావాలి, రెండో రకంలో కొద్దిగా చాలు. నా వాదన అంతే. దానికి చరిత్రే సాక్ష్యం.

మొదట కాళ్ల సంగతి. 1860లలో నోవాస్కోషియాలోని డార్ట్‌మత్‌లో స్టార్ కంపెనీ, మామూలు బూట్లకే మీట నొక్కి బిగించుకునే స్కేట్లు తయారు చేసింది. అంతకుముందు తోలు పట్టీలతో కట్టుకునేవారు, అవి ఆట మధ్యలో వదులయ్యేవి. అదే కంపెనీ మిక్మా తెగవారు ఒకే చెక్క నుంచి చెక్కిన కర్రలనూ అమ్మింది. ఆ తెగ పనితనం లేకపోతే తొలి తరం ఆటగాళ్ల చేతుల్లో అంత మంచి కర్రలు ఉండేవి కావు. కంపెనీల పేర్లు గుర్తుంచుకున్నంతగా వాళ్లను లోకం గుర్తుంచుకోలేదు.

సీసీఎం 1899లో సైకిళ్ల కంపెనీగా పుట్టింది. సైకిళ్ల గిరాకీ పడిపోయాక 1905లో స్కేట్ల వైపు మళ్లింది. బ్లేడు ఒక చోట, బూటు ఇంకో చోట కొని జతచేయించుకునే రోజులవి. మానిటోబాలోని బ్రాండన్‌లో జార్జ్ టాకబెరీ అనే బూట్లు కుట్టే ఆయన ఉండేవాడు. పొరుగున ఉన్న ఆటగాడు జో హాల్ కోసం, తడిసినా సాగని కంగారూ తోలుతో, మడమనూ చీలమండనూ గట్టిగా పట్టే బూటు కుట్టాడు. ఆయన పోయాక 1937లో ఆ హక్కులు సీసీఎం చేతికి వచ్చాయి. ఆ కంపెనీ ‘టాక్స్’ స్కేట్లకు ఆ పేరు ఆయన నుంచే వచ్చింది. 1927లో ఒంటారియోలోని కిచెనర్‌లో బౌవర్ కుటుంబం బ్లేడును బూటుకే శాశ్వతంగా బిగించి అమ్మడం మొదలుపెట్టింది. 1970లలో లాంగ్ కంపెనీ పోతపోసిన ప్లాస్టిక్ బూట్లు తెచ్చింది. ఆ దశాబ్దం చివర్లో టూక్ అనే ప్లాస్టిక్ బ్లేడు పీఠం వచ్చి, ఉక్కు పీఠాల బరువును వదిలించింది. ఆ తర్వాత దుకాణంలోనే పొయ్యిలో వేడిచేసి, మెత్తబడ్డ బూటును కొన్నవాడి పాదానికే అచ్చు పోసే పద్ధతి వచ్చింది.

ఈ వరసలో నాకు కనిపించేది ఒకటే. టాకబెరీ నుంచి నేటి పొయ్యి దాకా మంచి పనివాళ్లందరూ వెతికింది బిగువు కోసమే. అందుకే పెద్దలు డబ్బు పెట్టాల్సిన తొలి చోటు స్కేట్లు. అయితే అన్నిటికన్నా ఖరీదైన జత అక్కర్లేదు. వెయ్యి డాలర్లు దాటిన స్కేట్లు రోజూ గంటలకొద్దీ మంచు మీద గడిపే బలమైన కాళ్ల కోసం చేసినవి. ఆ బూటు బిరుసు. వారానికి ఒకసారి ఆడేవాడి చీలమండ దాన్ని వంచలేదు, మోకాళ్లు వంగవు, నడుం నొప్పి మిగులుతుంది. మధ్య ధరలో దొరికే జత చాలామందికి సరిపోతుంది. సాధారణంగా మనం వేసుకునే బూట్ల కంటే ఒకటి, ఒకటిన్నర సైజు తక్కువ పడుతుంది. నిటారుగా నిల్చున్నప్పుడు కాలివేళ్లు ముందు భాగానికి లీలగా ఆనాలి. మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి. మడమ మాత్రం ఎత్తినా లేవకూడదు. పాదం వెడల్పు అయినవాళ్లు వెడల్పాటి అచ్చు అడిగి తీసుకోవాలే గానీ, పెద్ద సైజు కొని సర్దుకోకూడదు.

స్కేట్లు కొన్న రోజే సాన పట్టించాలి. బ్లేడు అడుగున సన్నని గాడి ఉంటుంది, దాని రెండు అంచులూ మంచును కరుస్తాయి. గాడి లోతైతే పట్టు ఎక్కువ, జారుడు తక్కువ. చాలా దుకాణాలు అర అంగుళం వ్యాసార్థంతో సాన పడతాయి. బరువైన మనిషి అంచులు మంచులో మరీ దిగబడుతున్నాయనిపిస్తే అయిదు బై ఎనిమిది అంగుళాలకు మార్చి చూడవచ్చు. కొద్ది డాలర్లతో అయ్యే ఈ మార్పు ఆటను ఎంత తేలిక చేస్తుందో చాలామంది గమనించరు.

రక్షణ కథ గోల్‌కీపర్ల కాళ్ల దగ్గర మొదలైంది. 1896 ఫిబ్రవరిలో స్టాన్లీ కప్ పోటీకి విన్నిపెగ్ విక్టోరియాస్ గోల్‌కీపర్ జార్జ్ మెరిట్ క్రికెట్ ప్యాడ్లు కట్టుకుని దిగాడు. మనకు ఇంటింటా తెలిసిన ఆ ప్యాడ్లే దాదాపు మూడు దశాబ్దాలు ఈ ఆటను కాపాడాయి. 1924లో హామిల్టన్‌లో గుర్రపు జీనులు కుట్టే పాప్ కెనెస్కీ, వాటిని వెడల్పు చేసి, జింక వెంట్రుకలు కూరి, తోలుతో కుట్టి కొత్త ప్యాడ్లు తయారు చేశాడు. ఆట సాగేకొద్దీ అవి నీళ్లు పీల్చి బరువెక్కేవి. కృత్రిమ తోలు, నురుగు పదార్థాలు వచ్చేదాకా గోల్‌కీపర్లు ఆ బరువు మోశారు.

ముఖం సంగతి వేరు. అక్కడ అడ్డుపడింది వస్తువు లేకపోవడం కాదు, పౌరుషం. 1927లో క్వీన్స్ విశ్వవిద్యాలయ మహిళా జట్టు గోల్‌కీపర్ ఎలిజబెత్ గ్రాహమ్ కత్తిసాము ముసుగు తగిలించుకుని ఆడింది. 1930లో గోల్‌కీపర్ క్లింట్ బెనెడిక్ట్ ముక్కు పగిలాక తోలు ముసుగు వేసుకుని, కొద్ది ఆటలకే చూపుకు అడ్డొస్తోందని తీసేశాడు. ఆ తర్వాత నేషనల్ హాకీ లీగ్‌లో మూడు దశాబ్దాల పాటు గోల్‌కీపర్లు వట్టి ముఖాలతోనే నిలబడ్డారు.

1959 నవంబర్ 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఎదుటి జట్టు ఆటగాడు ఆండీ బాత్‌గేట్ కొట్టిన పక్ (ఆట బిళ్ల) మాంట్రియల్ గోల్‌కీపర్ జాక్ ప్లాంట్ ముఖాన్ని చీల్చింది. అప్పట్లో జట్టు వెంట రెండో గోల్‌కీపర్ ఉండేవాడు కాడు. కుట్లు వేయించుకుని వచ్చిన ప్లాంట్, సాధన వేళల్లో తాను వాడే ఫైబర్‌గ్లాస్ ముసుగు లేకుండా మళ్లీ దిగనన్నాడు. దాన్ని తయారు చేసింది ఫైబర్‌గ్లాస్ కంపెనీ ఉద్యోగి బిల్ బర్చ్‌మోర్. ముసుగు వేసుకుంటే చురుకు తగ్గుతుందన్నది కోచ్ టో బ్లేక్ నమ్మకం. గత్యంతరం లేక ఒప్పుకున్నాడు. మాంట్రియల్ ఆ రాత్రి 3-1తో గెలిచి, ఆపైన 18 ఆటలు ఓటమి లేకుండా సాగింది. చురుకు తగ్గుతుందన్న వాదన ఆ కొన్ని వారాల్లోనే కూలిపోయింది. అయినా ముసుగు లేని చివరి గోల్‌కీపర్ ఆండీ బ్రౌన్ ఆ లీగ్‌లో 1974 దాకా ఆడాడు. అందరి కళ్లముందే రుజువైన మంచిని అంగీకరించడానికి ఇంత ఆలస్యం కావడం నన్ను నిజంగా బాధిస్తుంది.

హెల్మెట్‌కైతే ప్రాణమే పోవాల్సి వచ్చింది. 1968 జనవరి 13న మిన్నెసోటా ఆటగాడు బిల్ మాస్టర్టన్ ఢీకొని వెనక్కి పడి, తల మంచుకు కొట్టుకుని, రెండు రోజులకు మరణించాడు. తలపై హెల్మెట్ లేదు. తర్వాత 11 ఏళ్లకు, 1979-80 సీజన్‌లో లీగ్ దాన్ని తప్పనిసరి చేసింది. అదీ కొత్తగా సంతకం చేసేవాళ్లకే. పాత ఒప్పందంతో హెల్మెట్ లేకుండా ఆడిన చివరివాడు క్రెయిగ్ మాక్‌టావిష్ 1997లో ఆట మానేశాడు. ఈలోగా టొరంటో కంటి వైద్యుడు టామ్ పాష్బీ, హాకీలో చూపు పోగొట్టుకుంటున్న పిల్లల వివరాలు కూడగట్టి, కెనడా ప్రమాణాల సంస్థలో పట్టుబట్టి, ముఖానికి పూర్తి రక్షణ కోసం పోరాడాడు. 1970ల చివరి నుంచి కెనడా పిల్లల హాకీలో అది నియమమైంది. గుడ్డితనం తెచ్చే గాయాలు గణనీయంగా పడిపోయాయి. ఈ ఆట చరిత్రలో గోల్స్ కొట్టినవాళ్ల పక్కన పాష్బీ పేరు కూడా చెప్పుకోవాలి.

మరి పెద్దల లీగుల్లో ఇప్పటికీ చాలామంది సగం ముఖం కప్పే పారదర్శక ప్లాస్టిక్ పలకతోనే ఆడుతున్నారు. టీవీలో కనిపించేవాళ్లు అలా ఉంటారు కాబట్టి. వాళ్లకు పళ్లు కట్టించే జట్టు వైద్యులున్నారు, మనకు లేరు. పైగా సరదా ఆటలో కర్రలు అదుపులో ఉండవు, కొత్తవాళ్ల చేతుల్లో మరీను. అందుకే పూర్తి జాలీ తగిలించుకోవాలన్నది నా గట్టి సలహా. హెల్మెట్ ఎంపికలో మాత్రం ధరను నమ్మకండి. 2015లో వర్జీనియా టెక్ పరిశోధకులు 32 హెల్మెట్లు పరీక్షించి అయిదు నక్షత్రాల కొలమానంతో తూచితే, ఒక్కదానికి మాత్రమే మూడు నక్షత్రాలు దక్కాయి. అంతకు మించి ఏదీ రాలేదు. కంపెనీలు మెరుగైన నమూనాలు తేవడానికి ఆ ఫలితాలు కారణమయ్యాయి. ఆ పట్టికలు ఎవరైనా చూడవచ్చు, కొనేముందు చూడండి. హాకీ పరికరాలను ధ్రువీకరించే హెచ్‌ఈసీసీ సంస్థ ముద్ర తయారీ తేదీ నుంచి ఆరున్నరేళ్లే చెల్లుతుంది. ప్యాంటు, గ్లవ్స్, భుజాల ప్యాడ్లు వాడినవి కొనుక్కోవచ్చు. ఢీకొట్టుకోవడం నిషిద్ధమైన పెద్దల లీగులో భుజాలకు తేలికపాటి ప్యాడ్లు చాలు. మోకాలి కింది ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు మాత్రం కొలతకు సరిగ్గా ఉండాలి. వాడిన హెల్మెట్ మాత్రం కొనవద్దు, అది ఎన్ని దెబ్బలు తిన్నదో పైకి తెలియదు.

స్టిక్ దగ్గరికి వచ్చేసరికి చరిత్ర రంగు మారుతుంది. ఇక్కడ గాయాలు లేవు, వేగమే ఉంది. 1960లలో స్టాన్ మికిటా, బాబీ హల్ వంచిన స్టిక్ బ్లేడుతో గోల్‌కీపర్లను హడలెత్తించారు. 1970లో లీగ్ ఆ వంపును అర అంగుళానికి కుదించింది. 1980లలో అల్యూమినియం కర్రలు వచ్చాయి. 2000ల ఆరంభంలో ఈస్టన్ సినర్జీ అనే ఒకే ముక్క కాంపోజిట్ స్టిక్ రాగానే చెక్క కర్రల కాలం ముగిసింది. తేలిక, విడుదల వేగం, రెండూ నిజమే. అయితే పై తరగతి స్టిక్ ధర ఇప్పుడు 300 డాలర్లు దాటింది, ఒక్క దెబ్బకే విరగనూ వచ్చు. ఈస్టన్ హాకీ విభాగాన్ని 2016లో బౌవర్ కొనేసింది, ఆ పేరే మాయమైంది.

స్టిక్ మీద 85, 75 అని అంకె ఉంటుంది. మధ్యభాగాన్ని ఒక అంగుళం వంచడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో ఆ అంకె చెబుతుంది. శరీర బరువును పౌండ్లలో లెక్కించి, అందులో సగం దగ్గర ఉన్నది ఎంచుకోవడం ఆటగాళ్లలో ఉన్న వాడుక. కొత్తవాళ్లకు ఇంకొంచెం తక్కువే మంచిది. పొడవు తగ్గించడానికి పైన కోస్తే బిరుసు పెరుగుతుందని మరవకూడదు. కొత్తవాళ్లు వంద డాలర్ల లోపు కర్రతో హాయిగా నేర్చుకోవచ్చు. పక్ గురి తప్పడానికి కారణం తొంభై పాళ్లు కాళ్లలో ఉంటుంది, కర్రలో కాదు.

ఈ మాటకు మన దేశంలోనే రుజువుంది. లద్దాఖ్‌లో 1970ల నుంచి గడ్డకట్టిన చెరువుల మీద ఆడిన తొలి తరాలు, సైనిక బూట్లకు ఇనుప బ్లేడ్లు బిగించుకుని, బూటు రబ్బరును పక్‌గా కోసుకుని ఆడారు. వాళ్ల గోల్‌కీపర్లూ క్రికెట్ ప్యాడ్లే కట్టుకున్నారు. 2018లో కెనడా దిగ్గజం హేలీ వికెన్‌హైజర్ విరాళంగా వచ్చిన సరంజామాతో లేహ్ వచ్చింది. దాదాపు అందరూ లద్దాఖీ అమ్మాయిలే ఉన్న భారత మహిళల జట్టు 2025 ఆసియా కప్‌లో కంచు పతకం గెలిచింది. వాళ్లను అంతదూరం తీసుకెళ్లినవి మంచు మీద గడిపిన గంటలు.

చివరిగా మెడ. 1989 మార్చి 22న బఫెలో గోల్‌కీపర్ క్లింట్ మలార్చక్ గొంతును ఎదుటి ఆటగాడి స్కేటు కోసింది. వియత్నాం యుద్ధంలో వైద్య సేవ చేసిన జట్టు వైద్య సహాయకుడు జిమ్ పిజుటెల్లి తన చేత్తో రక్తనాళం నొక్కిపట్టి బతికించాడు. 2023 అక్టోబర్ 28న ఇంగ్లాండ్‌లోని షెఫీల్డ్‌లో ఆటలో అలాగే మెడ తెగిన ఆడమ్ జాన్సన్‌కు అలాంటి అదృష్టం దక్కలేదు. 29 ఏళ్లకే చనిపోయాడు. ఆ తర్వాత అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య తన పోటీల్లో పెద్దలకూ మెడ రక్షణను తప్పనిసరి చేసింది. అమెరికా హాకీ సంస్థ 2024 ఆగస్టు 1 నుంచి పిల్లలకు, యువతకు నియమం పెట్టింది. పెద్దల విభాగానికి మాత్రం మినహాయింపునిచ్చి, సిఫారసుతో సరిపెట్టింది. అమెరికాలో సరదాకి ఆడేవారైతే మీరూ ఆ మినహాయింపు కిందికే వస్తారు. దయచేసి దాన్ని వాడుకోకండి. మెడకు, మణికట్టుకు, మడమ వెనక స్నాయువుకు కోతను తట్టుకునే గుడ్డ తొడుగులు దొరుకుతున్నాయి. కొత్త స్టిక్ ధరలో చిన్న భాగమే అవుతాయి. కొనే చీటీలో వాటిని స్టిక్ కంటే పైన రాసుకోండి.