మోటారు బండి ముసలితనము

పెద్దపల్లి జిల్లాలో పాతకోట గల రామగిరి కొండ చుట్టుపట్ల పొలములును, బొగ్గు గనుల మట్టి దిబ్బలును పక్కపక్కనే కనబడును. మంథని, గోదావరిఖని, రామగుండము రోడ్లమీద చిరకాలము తిరిగిన కార్లు, వ్యానులు, జీపులు నేటికిని పని చేయుచున్నవి. అట్టి బండిని కొనదలచినవాడు మొదట చూచునది మీటరులోని అంకె. లక్షలు దాటినచో పెదవి విరుచును. కాని బండి ముసలిదగుట ఆ అంకెతో మాత్రమే తేలునది కాదు. అది తెలియవలెనన్న సిలిండరులోనికి తొంగి చూడవలెను.

అంబాసిడరు కారునే తీసికొందము. దాని 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనులో పిస్టను ఒకమారు దిగు దూరము 88.9 మిల్లీమీటర్లు; బెత్తెడు కంటె కొంచెము ఎక్కువ. బండి గంటకు 60 కి.మీ. వేగమున పోవునప్పుడు ఇంజను నిమిషమునకు రమారమి 2400 చుట్లు తిరుగును. ప్రతి చుట్టునకు పిస్టను ఒకమారు దిగి, ఒకమారు ఎక్కును. అనగా నిమిషమునకు సుమారు 427 మీటర్లు. ఆ వేగముతో లక్ష కి.మీ. పోవుటకు లక్ష నిమిషములు పట్టును గనుక, అప్పటికి పిస్టను ఆ బెత్తెడు చోటులోనే 42 వేల కి.మీ.కు పైగా నడచినదన్నమాట! భూమధ్యరేఖ చుట్టుకొలత 40 వేల కిలోమీటర్లే కదా. ఇంత రాపిడిలోను లోహమును కాపాడునది తలవెంట్రుక మందములో పదవవంతైనను లేని చమురు పొర.

ఆ పొరకు శత్రువు దుమ్ము. బొగ్గు సీమలో నింద సాధారణముగా నల్లదుమ్ము మీద పడును. ఇది పూర్తిగా న్యాయము కాదు. మో కాఠిన్య మాపకమున బొగ్గు 3 దాటదు. సిలిండరు ఇనుము దానికంటె గట్టిది. పలుగురాయి కాఠిన్యము 7. గోదావరి లోయలో బొగ్గు పొరల నడుమను, పైనను ఉన్న ఇసుకరాతిలో ఈ పలుగు రేణువులే నిండి యున్నవి. ఉపరితల గనులలో ఆ రాతిని పేల్చి, త్రవ్వి, దిబ్బలుగా పోయుచున్నారు. బొగ్గు తీసిన భూగర్భపు ఖాళీలను నింపుటకు గోదావరి ఇసుకను వాడిరి; అదియు చాలవరకు పలుగే. కనుక బట్టలను పాడుచేయునది నల్లదుమ్ము, ఇంజనును తినునది బూడిదరంగు దుమ్ము. ఒక లీటరు పెట్రోలు మండుటకు సుమారు 9 వేల లీటర్ల గాలి కావలెను. గాలి వడపోతకు చిన్న చిల్లు పడినను ఎంత పలుగుపొడి లోపలికి పోవునో విద్యార్థులే ఊహింపవచ్చును.

ఈ సంగతి కొత్తది కాదు. 1932 జూన్‌లో నిజాం ప్రభుత్వ రైల్వేవారు రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభించిరి. స్కాట్లండులో తయారైన ఆల్బియన్ బస్సులను ఆనాడు నడపిరి. బస్సు నంబరులోని జడ్ అక్షరము నిజాం తల్లి జహ్రా బేగము పేరునుబట్టి వచ్చినదని చెప్పుదురు. ఈ శాఖ 1951 నవంబరు 1న హైదరాబాదు ప్రభుత్వము చేతికి, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ చేతికి వచ్చినది. 1932 నాటి ఆల్బియన్ బస్సు ఒకటి బాగుచేయబడి ప్రదర్శనకు నిలిచినది. ఆ రవాణా శాఖ రైల్వే కడుపున పుట్టుట మేలైనది. చెడిన తరువాత బాగుచేయుట కాక, చెడకముందే గడువు ప్రకారము విప్పి చూచుట రైలింజనుల వారికి పాత అలవాటు.

సొంత కార్ల కథ వేరు. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడాలో ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై 1950ల చివర మొదలైన అంబాసిడరు, 2014 మేలో ఉత్పత్తి ఆగువరకు రూపమున పెద్దగా మారలేదు. దీనిని వెనుకబాటని ఎందరో ఎగతాళి చేసిరి. అందులో నిజము లేకపోలేదు. కాని ఒక బండి సామాను మరొక బండికి పనికివచ్చుట వలన చిన్న ఊరి మేస్త్రి కూడ దానిని బ్రతికింపగలిగెను. అరిగిన సిలిండరును కొద్దిగా పెద్దదిగా తొలిచి, అంగుళములో వెయ్యవ వంతుల లెక్కన 20 గాని, 40 గాని ఎక్కువగల పిస్టను వేయుదురు. ఇదియే రీబోరు. తొలుచుటకు ఇక మందము లేనప్పుడు లోపల లైనరు దిగగొట్టి మరల మొదటి కొలతకు తెత్తురు.

ఈ పద్ధతుల హద్దు ఎంతవరకో అమెరికాలో ఒక సైన్సు ఉపాధ్యాయుడు చూపెను. ఇర్వ్ గోర్డన్ 1966లో కొన్న వోల్వో కారును తానే నడపి, 2013లో 30 లక్షల మైళ్లు, అనగా 48 లక్షల కి.మీ. దాటించెను. ఇంజనును మొదటిసారి పూర్తిగా విప్పి బాగుచేసినది సుమారు 6 లక్షల 80 వేల మైళ్ల దగ్గర. గడువు తప్పక చమురు మార్చుట తప్ప ఆయన రహస్యములేమియు చెప్పలేదు.

మనదేశమున చట్టము మైళ్లను కాక సంవత్సరములను లెక్కించును. సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏండ్లకు. తరువాత పరీక్షలో నెగ్గినచో 5 ఏండ్లు పొడిగింతురు. ప్రభుత్వ వాహనములకైతే 2023 ఏప్రిల్ 1 నుండి 15 ఏండ్ల మీద పొడిగింపే లేదు. సిలిండరునకు పంచాంగము తెలియదు గనుక ఇది అన్యాయముగ తోచవచ్చును. కాని పొగ మాట వేరు. 2000 తరువాత దశలవారీగా బిగించి, 2020 ఏప్రిల్ 1న ఆరవ దశకు చేర్చిన భారత్ ప్రమాణములను పాత ఇంజను ఎంత చక్కగా రీబోరు చేసినను అందుకొనలేదు. వాయువులను శుద్ధిచేయు సాధనములు దానికి పుట్టుకతోనే లేవు.

కనుక పాత బండిని చూడబోవువాడు మీటరును తరువాత చూచినను నష్టములేదు. రాత్రి చల్లారిన ఇంజనును ఉదయమున తన ఎదుటనే తిప్పించవలెను. నీలిపొగ వచ్చినచో చమురు మండుచున్నది. రింగులో, వాల్వు గైడులో అరిగినవి. నల్లపొగ ఇంధనము ఎక్కువైనదని చెప్పును. ఇంజను వేడెక్కిన తరువాతను ఆగని తెల్లపొగ వచ్చినచో నీరు లోపలికి కారుచున్నదేమో చూడవలెను. అటుపిమ్మట గాలి వడపోత మూత విప్పి, దాని వెనుకనున్న గొట్టములో తెల్లగుడ్డ త్రిప్పి చూడవలెను. గుడ్డకు గరుకు పొడి అంటినచో, మీటరు ఎంత తక్కువ చూపినను ఆ బండి ముసలిదే.