ఓరుగల్లు నేల పదిలమేనా?

వరంగల్: పంట దిగుబడి ఒక్కదాన్ని చూసి నేల ఆరోగ్యాన్ని నిర్ణయించలేము. ఎరువుల మోతాదు పెంచి, కొత్త బోర్లు వేసి కొన్నేళ్లపాటు దిగుబడిని నిలబెట్టుకోవచ్చు. అదే కాలంలో పైమట్టి కొట్టుకుపోవచ్చు, భూగర్భజలం అడుగంటవచ్చు. అందువల్ల భూవనరుల పర్యావరణ భద్రతను అంచనా వేయాలంటే మట్టిని, నీటిని, చెట్టును, చెరువును కలిపి చూడాలి. 2016లో విభజనకు ముందున్న ఉమ్మడి వరంగల్ జిల్లాకు ఈ సూత్రం మరింతగా వర్తిస్తుంది.

నేల స్వభావం

గ్రానైటు శిలల నుంచి ఏర్పడిన ఎర్ర చెల్కలు, నల్లరేగడి భూములు ఇక్కడ ప్రధానం. చెల్కల్లో తేమ త్వరగా ఆరిపోతుంది. వాలు భూముల్లో పెద్ద వానలకు పైమట్టి కదిలిపోతుంది. అడుగున గట్టి రాయి ఉన్నందున నీరు పగుళ్లలో, శిథిలమైన రాతి పొరల్లో మాత్రమే నిలుస్తుంది. ఇటువంటి నేలల్లో అప్పుతెచ్చి పత్తి వేసిన రైతులను 1997-98లో పురుగు ఉధృతి కుంగదీసింది. నాటి ఆత్మహత్యలు దేశమంతటినీ కలచివేశాయి.

కొలమానాలు

భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువగా ఉంటే లోపమున్నట్లు లెక్క. 2015లో ప్రారంభమైన భూసార కార్డుల పథకం 12 అంశాలను పరీక్షిస్తుంది. భూగర్భజలాల విషయంలో వాడకం లభ్యతలో 70 శాతంలోపు ఉంటే సురక్షితం, 90 దాటితే సంక్లిష్టం, 100 దాటితే మితిమీరిన వినియోగం. మట్టి కోతను, అడవుల తరుగుదలను ఉపగ్రహ చిత్రాలు చూపుతాయి.

అయితే భూసార పరీక్ష పొలానికి సంబంధించినది, భూగర్భజల అంచనా విశాల ప్రాంతానికి సంబంధించినది. రెండింటినీ జోడించి చూడటానికి అనువైన హద్దు చెరువు పరీవాహక ప్రాంతమే.

చెరువే సాక్షి

పాకాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల నాటి చెరువులకు తోడు గొలుసుకట్టు చెరువులు ఇక్కడి వ్యవసాయానికి ఆధారం. పై చెరువు అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. చెరువులో పేరుకునే పూడిక ఎగువ పొలాలు కోల్పోయిన మట్టే. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద రాష్ట్రంలో 46,531 చెరువులను గుర్తించి పూడికతీత చేపట్టారు. పరీక్ష చేయించి ఆ మట్టిని చెల్కలకు తోలితే తేమ నిలుస్తుంది. ఎగువన కోత ఆగకుంటే మాత్రం చెరువు మళ్లీ పూడుతుంది.

ఒకప్పుడు వరంగల్ జిల్లాలో, ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న ఏనబావి 2006లో రసాయన రహిత గ్రామంగా ప్రకటించుకుంది. చెరువు మట్టి, పశువుల ఎరువు, కషాయాలతో అక్కడి రైతులు సాగును నిలబెట్టారు.

గ్రామాల బాధ్యత

నీరు, నేల, చెట్ల పరిరక్షణకు 2002లో వాల్టా చట్టం వచ్చింది. చట్టంతోపాటు గ్రామస్థుల నిఘా అవసరం. చెరువు శిఖం ఆక్రమణకు గురికాకుండా చూడాలి, వాలుకు అడ్డంగా దున్నాలి, గట్లపై చెట్లు పెంచాలి. వాన వెలిసిన తరువాత చెరువులోకి వచ్చే నీరు ఎర్రగా ఉందంటే, ఎగువ చెల్కల పైమట్టి తరలిపోతున్నదని అర్థం.